గురి, గాయం, బాధ్యత: కార్బెట్, ఆండర్సన్ వేట కథనాల్లో మృగదేహ జ్ఞానం

వేట వర్ణన తెలుగు కావ్య పాఠకునికి కొత్త కాదు. దండి కావ్యాదర్శంలో లెక్కించిన మహాకావ్య వర్ణనల్లో మృగయ లేకపోయినా, విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో దానికి చోటిచ్చాడు. పెద్దన స్వరోచి వేటను, ధూర్జటి తిన్నని వేటను ఎంత ప్రీతితో చెప్పారో వేరే వివరించనక్కరలేదు. అయితే ఈ వర్ణనల్లో మృగం కూలడమే ప్రధానం. బాణం శరీరంలో ఏ భాగానికి తగిలిందన్న విషయం సాధారణంగా కథాగతిని మార్చదు. మన ఇతిహాస పురాణాల్లో వేటవల్ల కలిగిన అనర్థాలను చూసినా ఇదే తోస్తుంది. దశరథుడు శబ్దాన్ని బట్టి ఏనుగనుకొని మునికుమారుణ్ణి కొట్టాడు. పాండురాజు మృగరూపంలో ఉన్న కిందముణ్ణి కొట్టాడు. జరుడనే వేటగాడు కృష్ణుని పాదాన్ని చూసి మృగమనుకొన్నాడు. మూడు చోట్లా గురి తప్పలేదు. ‘ఎవరిని కొట్టాడు’ అన్నదే అక్కడి దోషం.

ఇరవయ్యో శతాబ్దిలో ఇంగ్లీషులో వెలువడిన భారతీయారణ్య వేట కథనాల్లో ఈ ప్రశ్న స్థానంలో మరో రెండు ప్రశ్నలు వచ్చాయి. ఎక్కడ కొట్టాడు? దేనితో కొట్టాడు? జిమ్ కార్బెట్ ‘మాన్ ఈటర్స్ ఆఫ్ కుమావూన్’ (1944), ‘ద మాన్ ఈటింగ్ లెపర్డ్ ఆఫ్ రుద్రప్రయాగ్’ (1948), కెన్నెత్ ఆండర్సన్ ‘నైన్ మాన్ ఈటర్స్ అండ్ వన్ రోగ్’ (1954), ‘మాన్ ఈటర్స్ అండ్ జంగిల్ కిల్లర్స్’ (1957) గ్రంథాలను చదివేవారు తుపాకుల నంబర్లు, తూటాల రకాలు, గాయాల వివరాలు వచ్చే వాక్యాలను తరచు దాటవేస్తారు. అవి అలవాటుకొద్దీ చేర్చిన సాంకేతిక వివరాలని భావిస్తారు. ఆ వివరాలే ఈ కథనాలకు నైతికమైన ఆధారమని, వాటిని తీసివేస్తే మిగిలేది సాహసగాథ మాత్రమేనని చూపడం ఈ వ్యాస లక్ష్యం. ఆ నైతికత ఎక్కడ తడబడుతుందో కూడా పరిశీలించవలసి ఉంది.

మృగస్వభావాన్ని తెలుసుకోవడం మన సంప్రదాయంలో లేదని దీని అర్థం కాదు. శాకుంతలం ద్వితీయాంకంలో సేనాపతి వేటను పొగడుతూ, భయక్రోధాల్లో మృగాల చిత్తం ఎలా మారుతుందో వేటగాడికి తెలుస్తుందంటాడు. చాళుక్య సోమేశ్వరుని మానసోల్లాసంలో మృగయా విధానాలకు విస్తారమైన స్థానముంది. హంసదేవుని మృగపక్షిశాస్త్రం సింహవ్యాఘ్రాదుల భేదాలను, గుణాలను చెబుతుంది. ఇవన్నీ మృగాన్ని బయటినుంచి చూసిన చూపులు. చర్మం కింద గుండె ఏ ఎత్తులో ఉంటుందో తెలిసి రాసే వాక్యం వేరే పాఠశాలకు చెందింది.

ఆ పాఠశాల పందొమ్మిదో శతాబ్దిలో రూపుదిద్దుకొంది. మధ్యభారత అరణ్యాలను గూర్చి ‘ద హైలాండ్స్ ఆఫ్ సెంట్రల్ ఇండియా’ (1871) రాసిన జేమ్స్ ఫోర్సిత్, అంతకు ముందే 1863లో వేట తుపాకులు, వాటి గుండ్ల గురించి ఒక శాస్త్రగ్రంథం రాశాడు. అడవిని వర్ణించిన చేయి, గుండు గమనాన్ని లెక్కగట్టిన చేయి ఒకటే కావడం గమనింపదగ్గది. శామ్యూల్ బేకర్ ‘వైల్డ్ బీస్ట్స్ అండ్ దెయిర్ వేస్’ (1890)లో మరో అడుగు ముందుకు వేశాడు. ఆనాడు వాడుకలోకి వచ్చిన, ముందుభాగం బోలుగా ఉండే తేలిక గుండ్లు పులివంటి మృగం కండరాల్లోనే ముక్కలై ఆగిపోతాయని ఆయన అభ్యంతరం. మెత్తని సీసంతో పోతపోసిన బరువైన, గట్టి గుండు కావాలని ఆయన పట్టుబట్టాడు. ఈ వాదాన్ని కేవలం ఆయుధచర్చగా చదివితే అందులోని అసలు ఆందోళన తప్పిపోతుంది. లోపలి అవయవాలకు చేరని గుండు మృగాన్ని చంపదు, గాయపరచి వదులుతుంది. బేకర్‌ను కలవరపెట్టింది ఆ గాయపడిన మృగమే.

ఇక్కడ దేహనిర్మాణాన్ని కొంత వివరించక తప్పదు. అది తెలియకపోతే ఈ కథనాల్లోని ఉత్కంఠకు కారణం అంతుపట్టదు. పెద్దపులి, చిరుత, సింహం వంటి మార్జాలజాతి మృగాల్లో జత్రుక ఎముక క్షీణించి, మరే ఎముకతోనూ కీలు కలవకుండా కండరంలో ఉండిపోతుంది. పులిని చంపినప్పుడు ఈ చిన్న ఎముకలను తాయెత్తులకోసం తీసుకొనే ఆచారాన్ని పలువురు వేట రచయితలు నమోదు చేశారు. జబ్బ ఎముక వెన్నెముకకు కీలుతో అతకదు, కండరాల ఆధారంతోనే కదులుతుంది. ఆ జంతువు దూకుడుకు, నడకలోని మెత్తదనానికి ఇదొక కారణం. గుండె ఛాతీలో దిగువన, ముందుకాళ్ల మధ్య ఉంటుంది. పక్కనుంచి చూసేవారికి జబ్బ దాన్ని కొంత కప్పుతుంది. మృగం ముందుకాలు చాచినప్పుడు ఆ కప్పు తొలగుతుంది. గుండె చుట్టూ ఊపిరితిత్తులు విస్తరించి ఉంటాయి. వాటి వెనక విభాజక పటలం, దానికి వెనక కడుపు. జానెడు వెనక్కి తగిలిన గుండు ఊపిరితిత్తిని వదిలి కడుపులోకి పోతుంది. అలా దెబ్బతిన్న మృగం గంటలకొద్దీ, ఒక్కోసారి రోజులకొద్దీ బతుకుతుంది. నుదురు వెనక్కి వాలి ఉండడం వల్ల ఎదురుగా కొట్టిన దెబ్బ ఎముకమీద జారిపోయే ప్రమాదముంది. ఆ పెద్ద తలలో మెదడు మాత్రం చిన్నది. మంచెమీదినుంచి కొట్టేవాడికి ఈ కొలతలన్నీ మళ్లీ మారతాయి. పైనుంచి ఏటవాలుగా దిగే గుండు గుండెను చేరాలంటే శరీరంలోకి ఎగువనే ప్రవేశించాలి.

మరో విషయం. గుండెకు తగిలినా పులి తక్షణం కూలదు. మెదడులో మిగిలిన ప్రాణవాయువు ఆధారంగా కొన్ని సెకన్లపాటు పరుగెత్తగలదు. ముప్ఫై గజాల దూరంలో నేలమీద నిలబడిన మనిషికి ఆ కొన్ని సెకన్లు చాలా ఎక్కువ. మెదడు, వెన్నుపాముల్లో తగిలితేనే అక్కడికక్కడ కదలిక ఆగుతుంది. కార్బెట్ కథనాల్లో కాల్పు తరవాత వచ్చే నిశ్శబ్దం, ‘పడిందా లేదా’ అన్న సందిగ్ధం కల్పనాచాతుర్యం కాదు. ఆ శరీరం పనిచేసే తీరే దానికి మూలం.

తుపాకీ ఎంపిక ఇక్కడినుంచే మొదలవుతుంది. ఈ విషయంలో రెండు పక్షాలు చిరకాలం వాదించుకొన్నాయి. బరువైన గుండు, పెద్ద గొట్టం కావాలన్నది బేకర్ పక్షం. ఏనుగుల వేటగాడు డబ్ల్యూ.డి.ఎం. బెల్ రెండో పక్షానికి ప్రసిద్ధుడు. ఏనుగు పుర్రెను కోసి మెదడున్న చోటును అధ్యయనం చేసి, చిన్న గుండుతోనే పని నెరవేర్చినవాడతడు. బెల్ వాడిన .275 తూటానే కార్బెట్ పేరుతో ముడిపడిన రిగ్బీ రైఫిలుదీ. చంపావత్ పులిని చంపినందుకు 1907లో ఆయనకు బహూకరించినది ఆ రైఫిలే. అయితే ఏనుగుకు చెల్లిన తర్కం పులికి యథాతథంగా చెల్లదు. ఏనుగు పుర్రెలోకి చొరబడడానికి వ్యాకోచించని గట్టి గుండు కావాలి. పలచని చర్మం, చురుకైన నాడీవ్యవస్థ గల మార్జాలానికి అదే గుండు వాడితే శరీరంలోంచి సన్నని రంధ్రం చేసుకొని బయటికి పోతుంది. లోపల విచ్చుకొనే మెత్తని ముక్కు గుండు దానికి తగింది. నేటికీ ఆఫ్రికాలో సింహాల వేటకు అనుమతి ఉన్న పలు దేశాల్లో ప్రమాదకర మృగాలకు .375 కనీస పరిమాణమన్న నియమమో ఆనవాయితీయో ఉంది. 50, 60 కిలోల చిరుతకు అంత శక్తి అవసరం లేదు. 200 కిలోలు దాటే సింహానికీ పులికీ అవసరమే. అదనపు శక్తికి అదనపు తన్ను తప్పదు. భుజాన్ని కుదిపివేసే తుపాకీకి వేటగాడే జంకి, మీట నొక్కేముందు కళ్లు మూసుకొంటే ఆ శక్తి వృథా.

చౌగఢ్ కథ ఈ వాదాన్ని నాటకీయంగా నిరూపిస్తుంది. 1930 ఏప్రిల్ 11న కార్బెట్ ఎడమచేతిలో పక్షిగుడ్లున్నాయి. కొద్ది అడుగుల దూరంలో పులి. తేలికైన .275 రైఫిలును ఒంటిచేత్తో, పులి కనిపెట్టనంత మెల్లగా తిప్పి కాల్చాడు. బరువైన జోడు గొట్టాల రైఫిలైతే ఆ కథ మరోలా ముగిసేది. ఈ ఘట్టాన్ని అదృష్టమహిమగా చదవడం పరిపాటి. దీన్ని ఆయుధ స్వరూపం, కథన శిల్పం కలిసి పనిచేసిన సన్నివేశంగా చదవాలని ఈ వ్యాసకర్త అభిప్రాయం. గుడ్ల ప్రస్తావన ముందుగానే వస్తుంది. రైఫిలు బరువు పాఠకుడికి ముందే తెలిసి ఉంటే తప్ప ఆ వాక్యాల్లోని నెమ్మదితనం అర్థం కాదు.

అదే కథలో, అంతకు ఏడాది ముందు, కార్బెట్ తల్లిపులి అనుకొని దాని ఎదిగిన పిల్లను చంపాడు. పౌరాణిక దోషం ఇక్కడ మళ్లీ తలెత్తింది. అయితే కార్బెట్ దాన్ని శాపం దిశగా నడపలేదు. వేటలో తల్లికి సాయపడిన పిల్ల పోయాక, ఆ పులి తాను పట్టిన మనుషులను ఒక్క దెబ్బకు చంపలేకపోయిందని, కొందరు గాయాలతో బయటపడ్డారని చెప్పాడు. చివర దాని దేహాన్ని పరీక్షించినప్పుడు కారణం బయటపడింది. గోళ్లు విరిగాయి, ఒక కోర విరిగింది, ముందుపళ్లు అరిగాయి. పురాణం శాపంతో చెప్పే కార్యకారణాన్ని ఈ కథనం దంతాలతో చెబుతుంది.

కథాంతంలో జరిగే ఈ దేహపరీక్ష కార్బెట్ నిర్మించుకొన్న ప్రత్యేక కథన సూత్రం. అపరాధ పరిశోధన నవల శవంతో మొదలై హంతకుని వద్ద ముగుస్తుంది. కార్బెట్ కథ హంతకుని శవంతో ముగుస్తుంది. ఆ శవంమీద మరో పాత అపరాధి ముద్ర కనిపిస్తుంది. 436 మందిని చంపిందని లెక్కగట్టిన చంపావత్ ఆడపులి కుడివైపు పై, కింది కోరలు రెండూ విరిగి ఉన్నాయి. అది తుపాకీ దెబ్బ ఫలితమని, సహజమైన ఆహారాన్ని చంపలేక మనుషులమీద పడిందని ఆయన తీర్మానం. ముక్తేశ్వర్ పులికి ఒక కన్ను పోయింది, ముందుకాలిలో యాభై దాకా ముళ్లపంది ముళ్లు దిగాయి. ఆండర్సన్ వర్ణించిన గుమ్మలాపూర్ చిరుత పాదంలోనూ అవే ముళ్లు. ముళ్లపంది చేసిన గాయానికి ఎవరూ బాధ్యులు కారు. గుండు చేసిన గాయానికి ఒక మనిషి బాధ్యుడు. ఈ రెండింటినీ పక్కపక్కన ఉంచి చదివినప్పుడే ‘ఎక్కడ కొట్టాడు, దేనితో కొట్టాడు’ అన్న ప్రశ్నల బరువు తెలుస్తుంది. ఒకడి గురి జానెడు తప్పితే, కొన్నేళ్ల తరవాత మరో ఊరిలో గడ్డికోసే స్త్రీ ప్రాణం పోవచ్చు.

ఈ సూత్రం అన్నిచోట్లా నిలవదు. ఆ సంగతి కార్బెట్‌కే తెలుసు. రుద్రప్రయాగ చిరుత 1918 నుంచి 1926 వరకు 125 మందిని చంపిందని లెక్క. దాని వెనకకాలికి పాత గుండుదెబ్బ ఉన్నమాట నిజమే. ఆ దెబ్బ 1921లో తగిలింది. అప్పటికే అది నరభక్షకి. కాబట్టి ఇక్కడ గాయం కారణం కాదు. 1918 విషజ్వరాల కాలంలో దహనం చేయకుండా కొండచరియల్లో వదిలిన శవాలను తిని చిరుతలకు ఆ రుచి అలవడిందని ఆయన వివరించాడు. పులికి తుపాకీ, చిరుతకు అంటువ్యాధి. రెండూ మానవ కారణాలే. ఆ కథ చివర చంపిన చిరుతను చూసి, మూతి నెరసిన ఈ ముసలి జంతువు ప్రకృతి నియమాన్ని మీరలేదని, మనిషి నియమాన్ని మాత్రమే మీరిందని ఆయన తలపోస్తాడు. ఆ మాటల్లోని కరుణ నిజమైనది. దేహపరీక్ష ద్వారా వచ్చిన కరుణ కావడం వల్ల అది భావుకతగా పలచబడలేదు.

ఇంతవరకు వచ్చిన తరవాత ఒక అసౌకర్యమైన ప్రశ్న అడగాలి. పులి కోరలు విరగ్గొట్టిన ఆ మొదటి తుపాకీ ఎవరిది?

కార్బెట్ చాలాచోట్ల దాన్ని చెప్పడు. ఆండర్సన్ స్పష్టంగానే చెబుతాడు. పంటరక్షణ కోసం ఇచ్చిన నాటు తుపాకులతో, చెర్రాలతో కాల్చే గ్రామస్థులు ఒకరు. రాత్రివేళ మోటారు వాహనాల్లో తిరుగుతూ, దీపం వెలుగులో మెరిసిన కళ్లకు గురిపెట్టి, గాయపడిన జంతువును వెతకకుండా పోయే పట్టణపు ‘వేటగాళ్లు’ మరొకరు. రెండోవారిపై ఆయన కోపం న్యాయమైనదే. మొదటివారిపై చూపిన కోపంలో చరిత్ర లోపించింది. 1878 ఆయుధ చట్టం భారతీయులకు లైసెన్సు తప్పనిసరి చేసింది, ఐరోపావారికి మినహాయింపు ఇచ్చింది. తగిన తుపాకీ ఏదో తెలియడం ఒక సంగతి, దాన్ని కలిగి ఉండగలగడం మరొకటి. పొలంగట్టున రాత్రి కాపలా కాసే రైతుకు గొట్టం ముందునుంచి మందు కూరే భర్మారు తుపాకీ దక్కింది. అడవిపందికోసం కూరిన చెర్రాలు, తోవన వచ్చిన పులికి తగిలాయి. ఆ రైతు గురి తప్పలేదని కూడా అనవచ్చు. అతని చేతిలోని ఆయుధమే పులి శరీరానికి చాలలేదు.

విచిత్రమేమంటే కార్బెట్ ఈ సంగతిని తన జీవితంనుంచే ఎరుగు. ‘జంగిల్ లోర్’ (1953)లో చెప్పినట్టు ఆయన మొదటి తుపాకీ కూడా ముందునుంచి మందు కూరేదే. రెండు గొట్టాల్లో ఒకటి చీలిపోయింది, కర్రభాగం తీగచుట్టుతో నిలిచింది. చంపావత్ కథ పతాక సన్నివేశం ఇంకా ఆసక్తికరం. వెంట తెచ్చిన మూడు తూటాలూ అయిపోయాయి. గాయపడిన పులి ఎదురుగా ఉంది. కార్బెట్ పరుగున పోయి తహసీల్దారు తుపాకీ తెచ్చాడు. గొట్టానికీ వెనకభాగానికీ మధ్య సందు తేలిన పాత తుపాకీ అది. తెరచిన నోటికి గురిపెట్టి కొడితే గుండు పంజాకు తగిలింది. ఆ దెబ్బ ఎంత పైపైనదంటే, ఆ గుండును తరవాత గోళ్లతోనే బయటికి తీశాడు. అంతకు ముందు తగిలిన రైఫిలు దెబ్బలవల్ల పులి చనిపోయింది కాబట్టి కార్బెట్ బతికాడు. నాటు ఆయుధంతో పులినెదుర్కొనే మనిషి స్థితిని ఆ కాసేపు ఆయనే అనుభవించాడు. కథనం మాత్రం దాన్ని వినోదంగా దాటవేస్తుంది. ఆ సన్నివేశాన్ని పులి కోరలు విరగ్గొట్టిన అజ్ఞాత కాల్పుతో కలిపి చూడదు. ఈ రెండూ ఒకే కథలో కొద్ది పుటల దూరంలో ఉన్నాయి. ఈ కథనాల నైతికత తడబడే చోటు ఇదే. దేహజ్ఞానాన్ని ఇది వ్యక్తిగత శీలంగా చూపుతుంది, ఆ జ్ఞానాన్ని ఆచరణలో పెట్టడానికి కావలసిన ఆర్థిక, రాజకీయ వసతిని కనిపించనీయదు.

తెలుగు కథ ఈ వైపునుంచి మొదలైంది. వేట కథలకు పేరుపొందిన అల్లం శేషగిరిరావు ‘చీకటి’ కథలో వేట ఒక నెపం. తుపాకీ పట్టిన పెద్దమనిషికీ, వెంట ఉన్న వేటగాడికీ మధ్య ఉన్న దూరమే ఆయన వస్తువు. ఇంగ్లీషు కథనాల్లో ‘ట్రాకర్’ అన్న ఒక్క మాటలో ముగిసిపోయే మనిషి ఆయన చేతిలో కథానాయకుడవుతాడు. ఇవి రెండూ ఒకదానికొకటి ప్రత్యామ్నాయాలని చెప్పలేం. శేషగిరిరావులో మనుషుల మధ్య బాధ్యత ఉంది, కార్బెట్‌లో గాయానికీ మనిషికీ మధ్య బాధ్యత ఉంది.

ఆండర్సన్ మనకు మరింత దగ్గరివాడు. 1910లో సికిందరాబాదు సమీపంలోని బొల్లారంలో పుట్టి, బెంగళూరులో స్థిరపడిన ఆయన కథల్లో చిత్తూరు సీమ అడవులు ముఖ్యమైన రంగస్థలం. చామల లోయ, మామండూరు, భాకరాపేట, రంగంపేట పేర్లు తెలుగు పాఠకునికి పరాయివి కావు. ఆయన నమ్ముకొన్న .405 వించెస్టర్ రైఫిలు 1904లో వచ్చింది. 1909 నాటి ఆఫ్రికా వేటలో థియోడర్ రూజ్వెల్ట్ సింహాలకు దాన్ని వాడి మెచ్చుకొన్నాడు. దాదాపు 19 గ్రాముల బరువైన గుండు, మితమైన వేగం. దగ్గరి దూరంలో, పొదల మధ్య, పులివంటి మృగానికి అది తగినదే. ఆండర్సన్ ఆ తుపాకీని వృద్ధ సహచరునివలె ప్రస్తావిస్తాడు. కార్బెట్‌తో పోలిస్తే ఆయన దేహవివరాలు స్థూలంగా ఉంటాయి, గాలి, వాసన, చప్పుళ్లు మాత్రం పుష్కలం. కథ చెప్పడంలో ఆయన నేర్పు ఎక్కువ, సాక్ష్యం ఇవ్వడంలో కార్బెట్ నమ్మకం ఎక్కువ.

ఈ రచనలను తెలుగు చేసేవారికి ఎదురయ్యే చిక్కు ఇక్కడ చెప్పదగినది. ‘షోల్డర్’ అన్న మాటను ‘భుజం’ అంటే తెలుగు పాఠకునికి మెడపక్కన ఉండే మనిషి భుజం స్ఫురిస్తుంది. నాలుగుకాళ్ల జంతువులో ఆ మాటకు అర్థం ఛాతీ పక్కభాగం. ‘పులి భుజానికి గురిపెట్టాడు’ అని అనువదిస్తే, చంపే దెబ్బ కాస్తా కాలికి తగిలిన గాయంగా మారిపోతుంది. పాఠ్యపుస్తకాల ‘అంసఫలకం’ వాడితే కథ వైద్యగ్రంథమవుతుంది. మాంసం కొట్టేవారి నోట, గొర్రెలకాపరుల నోట మంచి మాటలున్నాయి. జబ్బ, బోర, డొక్క, రొండి. ‘ముందుజబ్బ వెనక, మోచేతికి కాస్త పైన’ అంటే తెలుగు పల్లెలో ఎవరికైనా గుండె ఎక్కడుందో తెలుస్తుంది. ‘మచాన్’కు మనకు ‘మంచె’ సిద్ధంగా ఉంది. మృగాన్ని లోపలినుంచి ఎరిగిన తెలుగు, కావ్యాల్లో కంటే ఈ వృత్తుల్లోనే ఎక్కువ దొరుకుతుంది.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో మనదేశంలో పులివేట నేరమైంది. ఇప్పుడు అదే దేహజ్ఞానం పశువైద్యుల చేతికి వచ్చింది. ఊళ్లోకి వచ్చిన చిరుతకు మత్తుసూది కొట్టేవారికీ అవే ప్రశ్నలు: బరువెంత, ఎంత మందు, తొడ కండరానికా జబ్బ కండరానికా, ఎంత దూరంనుంచి. ఎముకకో పొట్టకో తగిలితే అక్కడా ప్రాణమే పోతుంది. మత్తు ఎక్కడానికి పట్టే నిమిషాలు కార్బెట్ ఎదుర్కొన్న ఆ కొన్ని సెకన్లకు సాగదీసిన రూపమే.

ఆండర్సన్ చామల కథలో ‘పులిబోను’ అనే చోటు వస్తుంది. తుపాకీకి ముందునుంచే ఆ అడవిలో పులితో వ్యవహరించిన మరో పద్ధతి జాడ ఆ పేరులో ఉంది. బోను పెట్టినవాడికి పులి గుండె ఎక్కడుందో తెలియనవసరం లేదు. అది ఏ దారిన నడుస్తుందో తెలిస్తే చాలు. అలాంటి ఊరిపేర్లలో, పొలంపేర్లలో నిక్షిప్తమైన వేటజ్ఞానాన్ని శేషాచలం, నల్లమల ప్రాంతాల్లో సేకరించి ఈ కథనాల పక్కన పెట్టి చదివే పని ఇంకా మిగిలి ఉంది.